రిలీవర్ వచ్చేదాకా

12 అక్టోబర్ 2003, ఆదివారం

1979 ఆగస్టులో గణపతిరావు నా చేతిలో చెయ్యి వేసి ఒక మాట ఇచ్చాడు. "నువ్వు నిశ్చింతగా డ్యూటీకి పోరా గురూ. చెల్లాయికి ఏమాత్రం తేడాగా కనిపించినా మిల్లుకి ఫోన్ చేస్తాను" అన్నాడు. అది ఆసుపత్రి వరండా. బయట వాన. నాకు సెలవు దొరకని రోజులు. అతనికి ఆ పూట వారపు సెలవు. నా భార్య కుముదిని మంచం పక్కన అతన్ని కూర్చోబెట్టి నేను మధ్యాహ్నం బి షిఫ్టుకి వెళ్లాను.

ఫోన్ రాలేదు. షిఫ్టు దిగి టిఫిను డబ్బాతో వార్డులోకి వెళ్లేసరికి ఆమె ముఖం మీద దుప్పటి కప్పి ఉంది.

"టైము లేకపోయిందిరా" అన్నాడు గణపతిరావు. ఆ తర్వాత ఎవరు అడిగినా అదే మాట, అదే గొంతు. కాని వార్డు ఆయా నాతో వేరే చెప్పింది. దీపాలు పెట్టిన దగ్గర్నుంచీ అమ్మగారు ఆ బాబుతో ఏదో మాట్లాడుతూనే ఉన్నారని. అంటే టైము ఉంది. ఫోను మెట్ల దగ్గరే ఉంది. మనిషి లేవలేదు.

ఇవాళ నెహ్రూ నగర్ కూరల బండి దగ్గర దక్షిణామూర్తి చెప్పాడు, గణపతిరావును రాయపూర్ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారట. ఇక చేసేదేమీ లేదన్నారట. వంకాయలు ఏరుతూ చెప్పాడు. దక్షిణామూర్తి ఎవరి చావునైనా వంకాయలు ఏరుతూనే చెబుతాడు.

ఎల్లుండి వెళతాను. పరామర్శకు కాదు.

14 అక్టోబర్

స్మృతి నగర్ దాకా నడిచే వెళ్లాను. గౌరీదేవి తలుపు తీసి, "రండన్నయ్యగారూ, ఎండలో వచ్చేరు, కూర్చోండి, కాఫీ పెడతాను" అంది. భర్త చావుబతుకుల్లో ఉండగా, ఇరవైనాలుగేళ్లుగా తన గడప తొక్కనివాడు వచ్చి నిలబడితే ఎందుకొచ్చావని అడగని మనిషిని నేను నమ్మను. నా కోసం ఎదురుచూస్తూ ఉందన్నమాట. ఎందుకు?

గణపతిరావు ముందుగదిలో ఇనపమంచం మీద ఉన్నాడు. మనిషి లేడు, ముక్కు మిగిలింది. ఊపిరితిత్తుల్లో మొదలైనది వెన్నులోకి దిగిందట. నన్ను చూసి, "ఏట్రా గురూ, లైబ్రరీ పుస్తకం కోసం వొచ్చేవా?" అన్నాడు.

ఆంధ్ర సంఘం గ్రంథాలయం నా చేతిలో ఉన్నన్నాళ్లూ పుస్తకం తిరిగివ్వని వాళ్ల ఇళ్లకు వెళ్లి, ఇచ్చేదాకా కూర్చునేవాణ్ణి. దాని మీద హాస్యం. ఆ గ్రంథాలయాన్ని తర్వాత వచ్చిన కార్యదర్శులు చీట్లాడుకునే గదిగా మార్చారు. వాళ్ల సంగతి వేరే రాయాలి.

చచ్చిపోయేవాడు హాస్యమాడుతున్నాడంటే ఏదో దాస్తున్నాడని అర్థం.

"రేపు కూడా వస్తాను. పేపరు చదివి వినిపిస్తాను" అన్నాను. మొగుడూపెళ్లాలు ఒకరినొకరు చూసుకున్నారు.

17 అక్టోబర్

మూడు రోజులుగా వెళుతున్నాను. నా చెప్పుల చప్పుడు వినగానే లోపల మాటలు ఆగుతాయి. కుర్చీ లాగగానే గణపతిరావు కళ్లు మూసుకుంటాడు. నిద్రపోయేవాడి కనురెప్పలు అలా అదరవు.

నేను చదివిన నవలల్లో మరణశయ్య మీద మనుషులు పేజీలకు పేజీలు మాట్లాడతారు. అప్పులు ఒప్పుకుంటారు, పాపాలు ఒప్పుకుంటారు, వారసుల్ని శపిస్తారు. ఇక్కడ ఈయన "చెంబు" అనడానికి కూడా గౌరీదేవి ముఖం చూస్తాడు. నవలలు రాసినవాళ్లు ఒక్క రోగి దగ్గరైనా కూర్చోలేదని తేలుతోంది.

19 అక్టోబర్, ఆదివారం

వాళ్లమ్మాయి వాసవి రాయపూర్ నుంచి వచ్చింది. అక్కడ బడిలో లెక్కలు చెబుతుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మధ్యలో ఆయాసం వచ్చి హిందీలో కూర్చుంటుంది. గుమ్మం దగ్గర నన్ను ఆపి, "అంకుల్, పాపాకి టెన్షన్ ఇవ్వకండి, ప్లీజ్. మీరు వచ్చి వెళ్లేక చాలా బేచైన్ అవుతున్నారు" అంది.

"నేను పేపరు చదువుతున్నానమ్మా. పేపరులో ఎన్నికలు తప్ప ఏమీ లేవు."

"వహీ తో, అదే కదా. మీరు చదువుతూ చదువుతూ ఆగి ఆయన్ని చూస్తారట."

ఎవరు చెప్పారు? కళ్లు మూసుకుని పడుకున్నవాడికి నేను చూస్తున్నానని ఎలా తెలిసింది?

22 అక్టోబర్

కొత్త మనిషి ఒకతె దిగింది. దెబోరా. క్యాంప్ 2 నుంచి స్కూటీ మీద వస్తుంది. అక్కడి చర్చివాళ్లు మంచం పట్టినవాళ్ల ఇళ్లకు పంపే నర్సు. తెల్లచీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట, నోట్లో ఆగని మాట. శ్రీకాకుళం వైపు యాస చెక్కుచెదరలేదు. వచ్చీ రాగానే గణపతిరావును పక్కకు తిప్పి వీపు చూసింది. రాయపూర్ డాక్టరు రాసిచ్చిన మార్ఫిన్ బిళ్లలు బుట్టలోంచి తీసింది.

నేను ఆ బిళ్లల వైపు చూస్తుంటే నవ్వింది. "ఏటి సార్, అలా చూత్తన్నారు? ఇసం కాదండి, నొప్పి బిళ్లలు."

"నల్లమందు అనమ్మా. పేరు మార్చినంత మాత్రాన మందు మారదు."

"మీరు సదువుకున్నోరు, మీకు తెలీందేటుంది? అయినా నాన్నగారికి నల్లదో తెల్లదో, నొప్పి తగ్గితే సాలు కదండి."

తర్వాత మంచం పక్కన నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఎవరినీ అడగలేదు. గౌరీదేవి చేతులు జోడించింది! అన్నపూర్ణాష్టకం చదువుకునే మనిషి! నేను గొంతు సవరించుకున్నాను. దెబోరా ఒక కన్ను తెరిచి, "మీరు సెవులు మూసుకోండి సార్, దేవుడేటీ అనుకోడు" అని మళ్లీ కన్ను మూసింది.

మతం సంగతి తర్వాత. నా అనుమానం వేరు. సరిగ్గా నేను రావడం మొదలుపెట్టాకే ఈ మత్తుబిళ్లలు ఎందుకు వచ్చాయి? గణపతిరావు నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

23 అక్టోబర్

నిద్ర.

24 అక్టోబర్

నిద్రే. నోరు తెరుచుకుని. మొదట్లో రెండు మూడు రోజులు ఇలాగే ఉంటుందని, తర్వాత తేరుకుంటాడని ఆమె అంటుంది. నేను నమ్మను.

25 అక్టోబర్, దీపావళి

వీధంతా టపాకాయలు. గణపతిరావు కళ్లు తెరిచి, "ఎవడికిరా అంత డబ్బు?" అన్నాడు. నాకు అవకాశం దొరికింది. కుర్చీ ముందుకు లాగి, "గణపతీ, ఆ రోజు ఫోన్ ఎందుకు చెయ్యలేదు?" అని అడిగేశాను. ఇరవైనాలుగేళ్లలో మొదటిసారి నేరుగా అడగడం.

నా వైపు చాలాసేపు చూశాడు. వంటింటి వైపు చూశాడు. "టైము లేకపోయిందిరా" అన్నాడు.

అబద్ధం ముసలిదైనా గొంతు మారలేదు.

2 నవంబర్

గౌరీదేవిని పెరట్లో పట్టుకున్నాను. తులసికోట దగ్గర ఆయన బట్టలు ఆరేస్తోంది. "మీకు తెలుసు. ఆయన మీతో చెప్పకుండా ఉండడు" అన్నాను.

ఏమిటని కూడా అడగలేదు. లుంగీ దులిపి తీగ మీద వేసి, "నాకు తెలిసినవన్నీ నేను చెప్పవలసినవి కావన్నయ్యగారూ. ఆయన్నే అడగండి. చెబితే వినండి, చెప్పకపోతే కాఫీ తాగి వెళ్లండి" అంది.

కాబట్టి ఉంది. చెప్పవలసినది ఒకటి ఉంది. ఇంతకాలం నేను పిచ్చివాణ్ణి కాదు.

9 నవంబర్, ఆదివారం

నేను వేసిన ఎత్తు నేను రాసుకోకపోతే ఎవరు రాస్తారు? మధ్యాహ్నాలు గౌరీదేవి కూర్చున్న చోటే తూలిపోతోంది. రాత్రుళ్లు ఆమెకు నిద్ర లేదు. ఆ రెండు మూడు గంటలు నేను చూసుకుంటానన్నాను. దెబోరా నన్ను ఎగాదిగా చూసి, ఎంత సంతోషించిందో. "నాను పదిళ్లు తిరుగుతానండి. సుట్టాలు గుమ్మంలోంచి తొంగి సూసి పోతారు గానీ, ఇలా రోజూ వొచ్చి కూకున్న సినేయితుణ్ణి సూళ్లేదు. మీలాంటోరు ఒకరుంటే సాలండి."

ఆమె లోకజ్ఞానం అంత. మధ్యాహ్నం బిళ్ల వేసే పని నాకు అప్పగించింది. "నొప్పి వొచ్చీదాకా ఆగకండి సార్. యేళకి వేసీయండి. నొప్పి ముందెల్లిపోతే దాన్ని పట్టుకోడం కష్టం."

ఉక్కు ప్లాంటులో ఒక నియమం ఉండేది. కొలిమి దగ్గరైనా, క్రేను మీదైనా, మీ తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి ఎదురుగా నిలబడేదాకా పోస్టు వదలకూడదు. రిలీవర్ రాకపోతే రెండో షిఫ్టు కూడా మీదే. ముప్పైమూడేళ్ల సర్వీసులో ఈ నియమం నేను ఒక్కసారి తప్పలేదు. 79లో కుముదిని దగ్గర నా రిలీవర్ గణపతిరావు. చార్జి తీసుకున్నవాడు కబురు అందించాలి. అంతే కదా నేను అడుగుతున్నది.

మొదటి రోజు పేజీలో సెలవు దొరకలేదని రాశాను. అడగలేదు. అడిగినా ఇచ్చేవారు కాదు.

13 నవంబర్

బిళ్ల వేశాను. పడుకున్నాడు.

14 నవంబర్

బిళ్ల వేశాను. ఎన్నికల జీపు మైకుతో పోతుంటే, "వీడికి కూడా ఒక బిళ్ల వెయ్యి" అన్నాడు. నవ్వు వచ్చింది. ఆపుకున్నాను.

ఇదే కదా ఇతని పద్ధతి. నవ్వించి అసలు సంగతి దాటేయడం. ఆంధ్ర సంఘం నాటకాల్లో విదూషకుడి వేషాలు ఊరికే ఇవ్వలేదు ఇతనికి.

20 నవంబర్

ఇవాళ ఏమీ రాయను.

22 నవంబర్

మొన్న మధ్యాహ్నం బిళ్ల కొంచెం ఆలస్యమైంది. అందులో ఏమీ లేదు. ఆసుపత్రుల్లో కూడా ఆలస్యాలు జరుగుతాయి.

23 నవంబర్, ఆదివారం

నా డైరీలో నేనే తప్పించుకు తిరగడం బాగాలేదు. జరిగినది జరిగినట్టు రాస్తాను.

గురువారం గౌరీదేవి లోపల నిద్రపోతోంది. బిళ్ల నా అరచేతిలో ఉంది, మంచినీళ్ల గ్లాసు స్టూలు మీద ఉంది. "గణపతీ, ఇది వేస్తే నువ్వు మళ్లీ మత్తులోకి పోతావు. ముందు చెప్పు, తర్వాత వేస్తాను" అన్నాను. మెత్తగానే అన్నాను. మాట తప్పినవాణ్ణి సూటిగా ప్రశ్నించడానికి ఇంతకన్నా మెత్తని పద్ధతి లేదు. అతని తల తేటగా ఉండాలి, అంతే నాకు కావలసింది.

అతను నా అరచేతి వైపు చూశాడు. తర్వాత గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు. ఇది మొండితనమని అనుకున్నాను. కాసేపటికి దవడలు బిగుసుకున్నాయి. వేళ్లు దుప్పటి అంచును ముడతలు పెట్టసాగాయి. నుదుటి మీద చెమట. "చెప్పు" అన్నాను మళ్లీ. నోరు తెరిచాడు. వచ్చింది మాట కాదు. గౌరీదేవికి వినపడకూడదని దిండు అంచు నోట్లో పెట్టుకున్నాడు.

బిళ్ల వేశాను. నీళ్లు సగం చొక్కా మీద పడ్డాయి.

లేచి వెళ్లిపోవలసింది. కాని రిలీవర్ లేడు. కూర్చున్నాను. చాలాసేపటికి దవడలు వదిలాయి. ఇక నిద్రే అనుకుని పేపరు తీశాను.

"గురూ" అన్నాడు. గొంతు తేటగా ఉంది. ఈ నెలన్నరలో అంత తేటగా నేను వినలేదు. "ఇందాక చెబుదావనే అనుకున్నాన్రా. నొప్పిలో నాకు నా పేరే గుర్తు రాదు. ఇప్పుడు అడుగు."

నేను అడగలేదు. అతనే చెప్పాడు.

"ఫోన్ చేద్దామని లేచేన్రా. చెల్లాయి చెయ్యి పట్టుకుంది. వద్దు అంది. 'ఆయనొస్తే నేను బాగున్నానని చెప్పాలన్నయ్యా. ఈ పూటకి ఓపిక లేదు' అంది. నా చేత ఒట్టేయించుకుంది. నీకు చెప్పొద్దని కూడా. అదిగో, ఇప్పుడు అదీ తప్పేను. నీకిచ్చినదీ తప్పేను, ఆవిడకిచ్చినదీ తప్పేను. బాగుందా?"

అతను నిద్రపోయాడు. ఈసారి రెప్పలు అదరలేదు.

సాయంత్రం దెబోరా వచ్చి దిండు అంచు మీద పళ్లగాట్లు చూసింది. "ఏటిది? మద్దేనం బిళ్ల ఆలీసమయ్యిందా?" అని నా వైపు తిరిగింది. నేను కళ్లజోడు తుడుచుకుంటున్నాను. మంచం మీంచి గణపతిరావు, "నేనే వద్దన్నానమ్మా. గురుమూర్తి ఎంత బతిమాలినా వినలేదు" అన్నాడు.

"ముసిలోళ్లు మొండితనం సేత్తే నాకు పనెక్కువవుద్ది నాన్నగారూ" అని అతన్నే కసిరింది.

నన్నెందుకు కాపాడాడు? దీనిలో కూడా ఏదో ఉంది. ఇరవైనాలుగేళ్లు ఒకర్ని కాపాడిన అలవాటు కావచ్చు. లేక నన్ను తనకు బాకీ పెట్టుకుని పోదామని కావచ్చు.

24 నవంబర్

ఆ వాక్యాన్ని నిన్న రాసుకున్న దగ్గర్నుంచీ పరీక్షిస్తున్నాను. "ఆయనొస్తే నేను బాగున్నానని చెప్పాలి." మరీ చక్కగా ఉంది. ఎక్కడా ఒక మాట ఎక్కువ లేదు. చచ్చిపోయే మనిషి ఇలా మాట్లాడదు. ఇది తీరిగ్గా కూర్చుని చెక్కుకున్న వాక్యం, గణపతిరావు నాటకాల మనిషి.

కుముదిని నాతో రోజూ మాట్లాడేది. వార్డులోకి వెళ్లగానే "ఎలా ఉంది?" అని అడిగేవాణ్ణి. "బాగుంది" అనేది. "చూశావా, నేను చెప్పలేదూ? దసరాకి ఇంట్లో ఉంటావు" అనేవాణ్ణి. డాక్టర్ల చీటీలు చదివి వాళ్ల తప్పులు పట్టుకునేవాణ్ణి. పుస్తకం తెరిచి చదివేవాణ్ణి. ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయింది, ఇంటి తాళాలు, ఎవరికో ఇవ్వవలసిన చీర. అలాంటి మాటలు అనొద్దని గట్టిగా చెప్పాను. మళ్లీ అనలేదు. రోజూ బాగుందనే చెప్పేది. అందుకే కదా డ్యూటీకి వెళ్లాను.

గణపతిరావు అబద్ధం చెబుతున్నాడు.

25 నవంబర్

"ఓపిక లేదు" అన్న మాట ఆమెదే. అన్నం వడ్డించి తను తినకుండా లేచేటప్పుడు అలాగే అనేది.

26 నవంబర్

వెళ్లలేదు.

27 నవంబర్

వెళ్లలేదు. గౌరీదేవి బలరాం చేత కబురు పంపింది. వాళ్ల పక్కింటాయన, దుర్గ్ మనిషి, రిటైరైన రైల్వే గార్డు. గేటు దగ్గర స్కూటరు ఆపకుండానే, "బాబూజీ, భాభీజీ పూఛ్ రహీ హై, మధ్యాహ్నం డ్యూటీ ఎవరు చేస్తారని" అన్నాడు. ఇన్నేళ్లలో నేర్చిన తెలుగు.

దిండు సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ పిలుస్తోంది. ఈ ఇంట్లో అందరూ అన్నీ తెలిసినవాళ్లే.

28 నవంబర్

వెళ్లాను. బిళ్ల వేళకే వేశాను. దెబోరా వచ్చి చూసి, వేళ్లు చల్లబడుతున్నాయని, మింగడం కష్టమవుతోందని, వాసవిని పిలిపించమని గౌరీదేవితో చెప్పింది. నా ఎదుటే, మామూలు గొంతుతో. గణపతిరావు కూడా విన్నాడు. "క్రిస్మస్ కేకు తినిపిస్తానన్నావు కదమ్మా" అన్నాడు దెబోరాతో.

"తొందరపడి మాటిచ్చేసేను నాన్నగారూ. నోటి దురద" అంది ఆమె. ఇద్దరూ నవ్వారు.

ఇలాంటి మాటలు రోగి ముందు అంటారా? నేనైతే ఆమెను గుమ్మం బయటికి పంపేవాణ్ణి. 79లో ఒక నర్సును పంపాను కూడా.

1 డిసెంబర్, సోమవారం. పోలింగు.

ఇవాళ్టి సంగతి వివరంగా రాయాలి.

పొద్దున్న నేను వెళ్లేసరికి గణపతిరావు గౌరీదేవితో వాదిస్తున్నాడు. మాట గాలిలా వస్తోంది. "నా ఓటు ఎలాగూ పోయింది. నీదైనా వేసి రా."

"ఇలా వొదిలేసా? ఏటండీ మీ చాదస్తం!"

"గురుగాడున్నాడు కదా. ఓటేసే బడి ఎంత దూరం?"

వాసవి దారిలో ఉంది, బస్సు దొరకలేదట. దెబోరా సాయంత్రం గాని రాదు. గౌరీదేవి చీర మార్చుకుని వచ్చి నా ముందు నిలబడింది. "అన్నయ్యగారూ, ఏమాత్రం తేడాగా కనిపించినా కబురు పంపాలి. మాటివ్వండి."

అవే మాటలు. ఆమె కావాలని అందో, ఎవరైనా అవే మాటలు అంటారో తెలియదు. ఇచ్చాను.

ఆమె వెళ్లిన కాసేపటికి ఊపిరి మారింది. ఒకటి తీసుకుని, ఆగి, మళ్లీ ఎక్కడినుంచో వెతికి తెచ్చినట్టు ఇంకొకటి. నేను లేచాను. నా మణికట్టు మీద అతని వేళ్లు పడ్డాయి. బరువు లేదు, చల్లగా ఉన్నాయి.

"పిలవకు. లైన్లో ఉంటుంది. వేసి రానీ."

నిలబడిపోయాను. ఇతను ఇప్పుడు కూడా నాటకమాడుతున్నాడా? ఆ రోజు తను నిలబడ్డ చోట నన్ను నిలబెట్టి చూస్తున్నాడా? అతని ముఖంలో తెలివిలాంటిదేమీ కనిపించలేదు. ఆయాసం మాత్రం ఉంది.

నేను మాటిచ్చి తప్పే మనిషిని కాను. మాట నిలబెట్టుకోవడం ఎలా ఉంటుందో ఇతనికి పోయేముందైనా చూపించాలి. అలాగే అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు? మంచం వదలకూడదు కాబట్టి కిటికీలోంచే కేకేశాను. "బలరాం భయ్యా! భాభీజీకో బులావ్! జల్దీ!" బలరాం బనీను మీదే స్కూటరు తీశాడు.

ఇక ఏమి జరుగుతుందో నాకు తెలుసు. ఆమె గుండెలు బాదుకుంటూ వస్తుంది. మీద పడుతుంది. వెళ్లొద్దంటుంది, మీకేమీ కాదంటుంది. అతను ఆ ఆఖరి ఊపిరితో ఆమెను ఓదార్చాలి. సిద్ధంగా ఉన్నాను.

గౌరీదేవి వచ్చింది. చెప్పులు గుమ్మంలో విడిచింది, ఒకటి బోర్లా పడితే సరిచేసింది కూడా. చేతులు కడుక్కుంది. మంచం మీద కూర్చుని అతని పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. ఎలా ఉంది అని అడగలేదు.

వెనకాలే వచ్చిన బలరాం, "భాభీజీ, నీచే ఉతార్నా చాహియే" అన్నాడు, పోయే ముందు కిందికి దించాలని. మనవాళ్లూ అదే చేస్తారు. నేను కూడా అదే అనబోయాను.

"నై భయ్యా, పీఠ్ దుఖేగా" అందామె. నేల మీదికి దించితే వెన్ను నొప్పి పెడుతుందట. పోయేవాడి వెన్ను.

గణపతిరావు కళ్లు తెరిచాడు. "వేసేవా?"

"వేసేను."

"ఎవరికి?"

"చెప్పను."

అతని ముక్కుపుటాలు కదిలాయి. నవ్వు. అంతకుమించి నవ్వడానికి లోపల గాలి లేదు. ఆమె కూడా నవ్వింది, కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. తడిదూది అతని పెదాలకు అద్దుతుంటే వేలి మీద సిరా ఇంకా నల్లగా మెరుస్తోంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. తర్వాత ఎడమే ఉంది.

ఎవరికి వేసిందో చివరిదాకా చెప్పలేదు. నేనైతే చెప్పించి వదిలేవాణ్ణి.

3 డిసెంబర్

దహనం నిన్న జరిగింది. వాసవి కొరివి పెట్టింది. దక్షిణామూర్తి గొణిగాడు, శాస్త్రం ఒప్పదట. వంకాయల దగ్గరికి పొమ్మన్నాను.

4 డిసెంబర్

ఓట్ల లెక్కింపు. వీధిలో ఎవరో గెలిచారు, టపాకాయలు పేలుతున్నాయి. "ఎవడికిరా అంత డబ్బు" అని ఎవరూ అనలేదు.

సాయంత్రం దెబోరా స్కూటీ మా గేటు ముందు ఆగింది. ఇల్లు ఎవరు చెప్పారో! లోపలికి రాలేదు. "సార్, క్యాంప్ 2ల ఒక ముసిలాయనున్నాడు. ఒక్కడే. తెలుగు పేపరు సదివీవోళ్లు కావాలట. మీరైతే ఓపిగ్గా కూకుంటారు కదండీ."

ఓపిగ్గా అట. ఇందులో ఏదో ఉంది. బహుశా చర్చి. ఆలోచిస్తానని చెప్పాను. ఆలోచించను.

"గౌరమ్మగారు మిమ్మల్ని కాఫీకి రమ్మన్నారు. ఆవిడన్నారు, మీరు కబురెట్టబట్టి ఆకరిసారి సూసుకున్నానని. అది సెప్మన్నారు."

ఆమె వెళ్లాక దీపం పెట్టి కూర్చున్నాను. గణపతిరావు మీద ఇక నాకు చెప్పుకోవలసినది మిగల్లేదు. అతనికి నేనూ కుముదినీ చెరొక మాట అప్పగించాం. రెండూ ఒకే చేత్తో పట్టుకుని ఇన్నేళ్లు నా ముఖం చూడలేక తిరిగాడు. అతన్ని వదిలేస్తున్నాను. దెబోరాను, దక్షిణామూర్తిని, చీట్లాడుకునే కార్యదర్శుల్ని కూడా ఇవాళ్టికి వదిలేస్తున్నాను.

కాని ఒకటి ఉంది. సోమవారం నుంచీ అదే తిరుగుతోంది. గౌరీదేవి వచ్చింది, కూర్చుంది, ఎలా ఉంది అని అడగలేదు. అంతే చేసింది. అంత చిన్న పని. ఫోన్ మోగి ఉంటే ఆ వానలో సైకిలు మీద నేనూ వచ్చేవాణ్ణి. వచ్చి అడిగేవాణ్ణేమో, దసరా అనేవాణ్ణేమో, లేక ఆమె ముఖం చూసి నోరు మూసుకుని పాదాల దగ్గర కూర్చునేవాణ్ణేమో. కూర్చోలేనని ఎవరు తేల్చారు? ఒక్క పూట. నన్ను రానిచ్చి చూడవలసింది. చూడకుండానే, మెట్ల దగ్గర ఫోన్ ఉండగానే, నాకు చేతకాదని తీర్పు చెప్పి దుప్పటి కప్పుకుంది. ఆ తీర్పు తప్పని రుజువు చెయ్యడానికి నాకు ఇక ఎక్కడా చోటు లేదు.

నేను ఇంకా నిందిస్తున్నది ఆమెను. కుముదినిని.